ముందు గొంతు, తర్వాతే కాలు: చెక్ దేశంలో ఆరు రోజులు

మొదటి రోజు, ప్రాగ్

గుంటూరులో 22 ఏళ్ళుగా పిల్లలకి కూచిపూడి నేర్పుతున్నాను. మా తమ్ముడి కొడుకు చెక్ దేశంలో బ్ర్నో అనే ఊళ్ళో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. "అత్తా, నువ్వు వస్తే జూన్ ఆఖరి వారంలోనే రా. ఇక్కడో ఊరు ఊరంతా డాన్స్ చేస్తుంది" అని రెండేళ్ళుగా పోరు పెడుతున్నాడు. ముందు వాడుండే ఊరి పేరు నోరు తిరిగాకే వీసాకి అప్లై చేస్తానన్నాను. వాడు నెల రోజులు ఫోన్లో కూర్చోబెట్టి "బ్ర్నో" పలికించాడు.

ప్రాగ్ వంతెనలూ గడియారమూ అందరూ రాసినవే, వాటి జోలికి పోను. నాకు నచ్చింది మాలా స్త్రానా పేటలో ఒక రాజభవనం. లిచ్టెన్‌స్టెయిన్ ప్యాలెస్ అంటారు. ఇప్పుడది సంగీత నృత్య అకాడమీ. రోడ్డు మీద నిలబడితే ఒక కిటికీలోంచి పియానో, ఇంకో కిటికీలోంచి ఎవరిదో గొంతు సాధన. ఈ ఊళ్ళో సంగీతం బడి 1811 నుంచే నడుస్తోంది, ప్రాగ్ కన్సర్వేటరీ. కొయ్యబొమ్మలాటకి కూడా 1952 నుంచి విశ్వవిద్యాలయం స్థాయిలో చదువుంది. దీక్షగా బొమ్మ తీగ పట్టడం నేర్చుకుని డిగ్రీ తీసుకుంటారన్నమాట. మన తోలుబొమ్మలాట కుటుంబాలు గుర్తొచ్చి కాసేపు మాట రాలేదు.

రాత్రి మాత్రం డబ్బు దండగ. టూరిస్టుల కోసం భోజనంతో పాటు జానపద నృత్యం చూపిస్తామంటే వెళ్ళాం. నలుగురు అమ్మాయిలూ అబ్బాయిలూ నవ్వు అతికించుకున్న మొహాలతో పోల్కా వేశారు. పోల్కా అంటే పోలండ్‌ది అనుకునేదాన్ని, కాదట. 1830ల్లో ఇక్కడే, చెక్ దేశం పడమటి భాగమైన బొహీమియాలోనే పుట్టి, పదేళ్ళు తిరక్కుండా పారిస్ దాకా పాకింది. చెక్ భాషలో "పూల్కా" అంటే సగం, సగం అడుగు వేసే నాట్యం కాబట్టి ఆ పేరు వచ్చిందని కొందరంటారు. ఆ పుట్టింట్లోనే దాన్ని సూపులోకి నంజుడు చేసి పెట్టారు. నా మొహం చూసి మావాడు, "ఇది లెక్కలోకి రాదత్తా, అసలు సంగతి మొరావియాలో ఉంది" అన్నాడు. మొరావియా అంటే దేశం తూర్పు భాగం, బ్ర్నో ఉన్నది అక్కడే.

రెండో రోజు, బ్ర్నో

రైలు రెండున్నర గంటల ప్రయాణం అన్నారు, మూడున్నర పట్టింది. మధ్యలో ఎక్కడో పొలాల మధ్య ఆపేసి చెక్‌లో ఏదో చెప్పారు. బోగీలో అందరూ ఒకేసారి నిట్టూర్చారు. ఆ నిట్టూర్పు మాత్రం నాకు అనువాదం లేకుండానే అర్థమైంది.

ఈ ఆలస్యం వల్ల యానాచెక్ ఇల్లు చూడ్డానికి ముప్పావు గంటే మిగిలింది. లెయోష్ యానాచెక్ పెద్ద స్వరకర్త. 1881లో ఈ ఊళ్ళో ఆర్గన్ బడి పెట్టాడు, 1919లో అదే కన్సర్వేటరీ అయింది. ఆ బడి తోటలో చిన్న ఇల్లు, 1910 నుంచి 1928లో పోయేదాకా అక్కడే ఉన్నాడు. ఆయన పేరు పెట్టిన నాటక సంగీత అకాడమీ 1947 నుంచి ఇదే ఊళ్ళో ఉంది.

నన్ను పట్టుకున్నది ఆయన అలవాటు ఒకటి. జనం మాట్లాడుతుంటే ఆ మాటలో ఎగిరే దిగే స్వరాన్ని కాగితం మీద సంగీతంగా రాసుకునేవాడు. బజార్లో బేరాలు, రైలు స్టేషన్లో పిలుపులు, ఏదైనా సరే. 1903లో కూతురు ఓల్గా చావుబతుకుల్లో ఉంటే ఆ పిల్ల చివరి మాటలూ మూలుగూ కూడా రాసుకున్నాడు. అది చదివి మావాడు "ఛీ, అదేం తండ్రి" అన్నాడు. నాకు అలా అనిపించలేదు. ఆయనకి ఏడవడానికి అదొక్కటే తెలిసిన దారేమో. ఊళ్ళు తిరిగి పల్లె పాటలు సేకరించాడు, 1909 నుంచి ఫోనోగ్రాఫ్ మోసుకెళ్ళి రికార్డు చేయించాడు. మన గోదావరి యాసలో సాగతీతనీ, మా పల్నాడు కోపంలో విరుపునీ అలా ఎవరైనా స్వరాల్లో రాసిపెట్టి ఉంటే ఎంత బాగుండేది.

రాత్రి బంగాళదుంప అట్లు తిన్నాం. వాటిని బ్రంబొరాక్ అంటారు. వెల్లుల్లి దండిగా వేస్తారు, పచ్చిమిరపకాయ ఒక్కటి తగిలితే మనవే. మావాడి ఆఫీసు స్నేహితురాలు ఒకావిడ వచ్చింది. తనకి పదహారేళ్ళప్పుడు అందరిలాగే "తనెచ్‌నీ"కి వెళ్ళానని చెప్పింది. శరదృతువులో స్కూలు పిల్లలంతా వారానికో సాయంత్రం చేరి వాల్ట్జ్, పోల్కా నేర్చుకునే క్లాసులవి. అబ్బాయిలకి సూటూ తెల్ల గ్లవ్స్, అమ్మాయిలకి గౌన్లు. ఎలా వంగి పిలవాలి, ఎలా తిరిగి కుర్చీ దాకా దిగబెట్టాలి అన్నీ నేర్పుతారు. ఆఖర్న అమ్మానాన్నల ముందు డాన్స్. "అమ్మతో ఒక పాటకి ఆడాలి, అదే పెద్ద టెన్షన్ అబ్బాయిలకి" అని నవ్వింది. దేశంలో ఇంచుమించు ప్రతి మనిషికీ పోల్కా అడుగు తెలియడానికి కారణం ఇదీ, నిన్నటి హోటలు కాదు.

మూడో రోజు, ఒక చిన్న ఊరి కళల బడి

బ్ర్నోకి దక్షిణంగా ఒక చిన్న ఊళ్ళో ఉన్న కళల బడిలో ఒక మధ్యాహ్నం కూర్చోవడానికి మావాడు అనుమతి తెచ్చాడు. ఈ బడుల్ని ఇక్కడ "జుష్" అని ముద్దుగా పిలుస్తారు, ప్రాథమిక కళా పాఠశాల అన్నదానికి పొడి అక్షరాలు. దేశం జనాభా కోటికి కొంచెం పైన. ఇలాంటి బడులు సుమారు 500, పిల్లలు రెండున్నర లక్షల దాకా. సంగీతం, బొమ్మలు వేయడం, నాట్యం, నాటకం నాలుగూ నేర్పుతారు. మామూలు బడి అయిపోయాక మధ్యాహ్నం వస్తారు. ఏడేళ్ళు మొదటి మెట్టు, ఆపైన నాలుగేళ్ళు రెండో మెట్టు. టీచర్ల జీతాలు ప్రభుత్వానివి, తల్లిదండ్రులు కట్టేది కొంచెమే. కమ్యూనిస్టుల కాలంలో "ప్రజా కళా పాఠశాలలు" అనేవారు. ప్రభుత్వం మారి పేరు మారింది, బడులు మాత్రం మూతపడలేదు. మన రెండు రాష్ట్రాల్లో ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిగతా భారమంతా నాలాంటివాళ్ళ ఇంటి మేడ మీదే.

మొదటి గదిలో త్సింబాల్ పాఠం. మన సంతూర్‌కి పెద్దక్క అనుకోండి. కాళ్ళున్న పెద్ద బల్ల, దాని మీద తీగలు, చివర దూది చుట్టిన రెండు పుల్లలతో కొట్టాలి. కింద పెడల్ కూడా ఉంటుంది. ఇప్పుడు వాడే ఈ పెద్ద రకాన్ని 1874లో బుడాపెస్ట్‌లో షుండా అనే చెక్ మూలాలున్న వాద్యాల తయారీదారు రూపొందించాడు. మొరావియా పల్లెల్లోకి వచ్చి బాగా స్థిరపడింది 20వ శతాబ్దంలోనే. అంతకుముందు ఫిడేళ్ళు, తిత్తి బూర. ఇవాళ టూరిస్టు బొమ్మల్లో "అనాది సంప్రదాయం" అని కనిపించే వాద్యానికి అంత వయసు లేదన్నమాట. మన వేదిక మీద వయొలిన్ కూడా అంతేగా.

వాయిస్తున్న పిల్లకి పదకొండేళ్ళుంటాయి. పుల్ల తప్పుడు తీగ మీద పడింది. టీచరు చెయ్యి పట్టుకుని దిద్దలేదు, ఆ వరుస పాడింది. పిల్ల తిరిగి పాడింది. అప్పుడు మళ్ళీ వాయించమంది. తప్పు పోయింది. "నోట్లో లేనిది చేతిలోకి రాదు" అందట టీచరు, మావాడు చెప్పాడు. ఆ మాట నాకు అక్కడే గుచ్చుకుంది. కారణం తర్వాత చెబుతాను.

పక్క హాల్లో ఏడెనిమిదేళ్ళ పిల్లల నాట్యం క్లాసు. మూలన పియానో దగ్గర ఒకాయన కూర్చుని క్లాసు మొత్తం వాయిస్తూనే ఉన్నాడు. అది ఆయన ఉద్యోగం, నాట్యం క్లాసుకి వాయించడమే. పిల్లలు ఆగితే ఆగుతాడు, పరిగెడితే పరిగెడతాడు. నా క్లాసులో ఆ పని బ్లూటూత్ స్పీకరు చేస్తుంది. పిల్ల తడబడినా స్పీకరు ఆగదు. మా గురువుగారు తాళం చేత్తో పట్టుకుని తానే పాడుతూ నేర్పారు. క్యాసెట్, సీడీ, పెన్‌డ్రైవ్ వరుసగా వచ్చి ఆ గొంతుని మింగేశాయి. అసలు కూచిపూడి కళాకారులు వేదిక మీద మాట్లాడేవారు, పాడేవారు, ఆడేవారు. వాచికం లేకపోతే సగం వేషమే అనేవారు పెద్దలు.

వెళ్ళేముందు ఆ నాట్యం టీచర్ని అడిగాను, వీళ్ళకి వెర్బుంక్ నేర్పుతారా అని. రేపు వెళ్ళే ఉత్సవంలో పేరున్న నాట్యం అదే. ఆవిడ అడుగులు మాత్రం చూపిస్తామంది. "అది నేర్పితే వచ్చేది కాదు. తాత ఆడుతుంటే చూడాలి, ఊరి పండగలో తోటివాళ్ళ ముందు నిలబడాలి."

నాలుగో రోజు, స్త్రాజ్నిత్సే

హొదొనీన్ దాకా రైలు, అక్కణ్ణుంచి బస్సు. హొదొనీన్ చెకొస్లొవేకియా మొదటి అధ్యక్షుడు మసారిక్ పుట్టిన ఊరు. అక్కడ దిగి టీ తాగడం తప్ప నేను చేసింది లేదు.

స్త్రాజ్నిత్సే చిన్న ఊరు, చుట్టూ ద్రాక్ష తోటలు. పెద్ద పెద్ద చెట్ల పార్కులో ఒక కోట, కోటలో జానపద వాద్యాల ప్రదర్శన. 1946 నుంచి ఏటా జూన్ చివర్లో ఆ పార్కులోనే జానపద ఉత్సవం. జాతీయ జానపద సంస్కృతి సంస్థ ఉన్నది కూడా ఇక్కడే. రాజధానిలో పెట్టకుండా ఇంత చిన్న ఊళ్ళో పెట్టడం నాకు భలే నచ్చింది.

ఊరి పక్కనే ఒక కాలవ. బోర్డు చదివి మావాడు "అత్తా, మన బాటా!" అని కేక పెట్టాడు. నిజమే, మనం చిన్నప్పుడు బడికి వేసుకెళ్ళిన బాటా చెప్పుల కంపెనీ ఇక్కడికి దగ్గర్లోని జ్లీన్‌లో 1894లో పుట్టింది. ఫ్యాక్టరీకి బొగ్గు పడవల మీద తీసుకెళ్ళడానికి 1930ల్లో తవ్వించిన కాలవ ఇది. ఇప్పుడు షికారు పడవలు తిరుగుతున్నాయి. బాటా మన దేశం కంపెనీయే అని వాదించి మా నాన్నతో నేను పోట్లాడిన రోజులున్నాయి. నాన్నే గెలిచారు.

ఒక ఫోటో దగ్గర చాలాసేపు ఆగాను. గుర్రం మీద పదేళ్ళ పిల్లాడు, ఒంటి మీద ఆడవాళ్ళ బట్టలు, మొహం కప్పేస్తూ రిబ్బన్లు, నోట్లో గులాబి. "రాజుల సవారీ" అంటారు, వ్ల్‌చ్నోవ్ అనే ఊళ్ళో మే చివర్లో జరుగుతుంది. 2011లో యునెస్కో జాబితాలో చేరింది. యుద్ధంలో ఓడిన రాజు ఆడవేషంలో పారిపోయాడని ఒక కథ. నోట్లో గులాబి ఉంది కాబట్టి రాజు మాట్లాడకూడదు, చుట్టూ ఉన్నవాళ్ళే అతని తరఫున పద్యాలు చదివి చందా అడుగుతారు. స్త్రీ వేషం అనగానే నాకు కూచిపూడి నటులు వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామే కళ్ళ ముందు నిలిచింది. ఆయన నోట్లో గులాబి పెట్టేసి ఉంటే సత్యభామ ఊరుకునేదా!

అయిదో రోజు, వెర్బుంక్

మాట జర్మన్ నుంచి వచ్చింది, సైన్యంలోకి మనుషుల్ని చేర్చుకోవడం అని అర్థం. 18వ శతాబ్దంలో సైన్యం వాళ్ళు ఊళ్ళోకి వాద్యగాళ్ళతో వచ్చి, వైన్ పోసి, ఆడించి కుర్రాళ్ళని వలలో వేసుకునేవారు. ఆ ఆట పల్లెవాళ్ళదైపోయింది. స్లోవాట్స్కో అనే ఈ ప్రాంతంలో ఆరు రకాలున్నాయి: స్త్రాజ్నిత్సే, కియోవ్, ఉహెర్స్కే హ్రదిష్త్యే, పోద్లుజి, హోర్న్యాట్స్కో, హనాక్ స్లోవాట్స్కో. ఒక్కోదానికి వేరే పాటలు, వేరే బట్టలు. 2005లో యునెస్కో దీన్ని గుర్తించింది. ప్రాంతాల వారీగా వడపోత పోటీలు అయ్యాక గెలిచినవాళ్ళు ఇక్కడి పోటీకి వస్తారు.

మొదటి కుర్రాడు రాగానే నేను ఫోన్ పైకెత్తాను, ఆట మొదలవుతుందని. మొదలవలేదు. అతను జనానికి సగం వీపు తిప్పి వాద్యగాళ్ళ ఎదురుగా నిలబడ్డాడు. గుండె నిండా ఊపిరి తీసుకుని ఒక్కడే పాట ఎత్తుకున్నాడు. మైకు లేదు, శ్రుతి లేదు. మొదటి ఫిడేలు ఆయన్ని "ప్రిమాష్" అంటారు. ఆయన తల పక్కకి వంచి విని, ఆ కుర్రాడి గొంతు ఎక్కడుందో పట్టుకున్నాడు. రెండో వరుసకి మిగతావాళ్ళంతా వచ్చి కలిశారు. మనవాళ్ళయితే ముందు శ్రుతిపెట్టె ఆన్ చేస్తారు. ఇక్కడ కుర్రాడి గొంతే శ్రుతి.

పాట అయ్యాక నెమ్మదిగా కదలిక. చెయ్యి పైకి లేస్తుంది, మడమలు తగులుతాయి, బూటు మీద చరుపు. ఆ తర్వాత లయ పెరుగుతుంది. కూర్చుని లేవడం, గాల్లోకి ఎగరడం, ఎగిరినప్పుడు టోపీ మీది ఈకలు ఒక్క క్షణం ఆలస్యంగా కిందికి వంగడం. ముందే కూర్చిన వరుస లేదు. ఇద్దరు ఒకే ప్రాంతంవాళ్ళు ఒకే పాటకి ఆడినా ఒకేలా ఆడలేదు.

మా పక్కన ఒక పెద్దాయన, డెబ్భై పైనే ఉంటాయి, ప్రతి ఒక్కరికీ మనసులో మార్కులు వేస్తున్నాడు. మావాడు కదిపాడు. బాగా ఎగిరిన ఒక కుర్రాడి గురించి పెదవి విరిచాడాయన. "కాళ్ళు మంచివే. కానీ పాట అయ్యేదాకా ఆగలేకపోయాడు" అన్నాడట. జనం ఎక్కువ చప్పట్లు కొట్టింది ఆ కుర్రాడికే. నాకు నచ్చింది మాత్రం ఒక బక్కపల్చటి అబ్బాయి. గొంతు జీరబోయింది, ఎగిరింది కూడా అంతంతే. అయినా రెండో చరణంలో కళ్ళు మూసుకున్నాడు, ఒక కాలు మాత్రం నెమ్మదిగా నేలని రాసింది. అంతే, నా ఒళ్ళు జలదరించింది.

ఫిడేళ్ళలో "కొంత్ర", అంటే తోడు ఫిడేలు, వాయించేవాళ్ళ చేతి వంక చూస్తూ ఉండిపోయాను. ఒకే కమాను లాగుడులో రెండు దెబ్బలు, ఒత్తు రెండోదాని మీద. దాన్ని "దువాయ్" అంటారు. వింటుంటే నేల కొంచెం ఊగినట్టుంటుంది. ఆటగాడి కాలు ఆ ఊపులో కూర్చుంటుంది. లెక్కపెట్టి చూశాను, నా తాళంలో ఇమడలేదు.

ఒక్క విషయం గుచ్చుకుంది. ఇది మగవాళ్ళ నాట్యం, అమ్మాయిలకి చోటు లేదు. అదేమిటని అడగబోయి నోరు మూసుకున్నాను. మా కూచిపూడి ఊళ్ళోనూ ఒకప్పుడు మగవాళ్ళదే ఆట. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారి లాంటి గురువులు పట్టుబట్టి ఆడపిల్లలకి నేర్పారు కాబట్టి నేను ఇక్కడ కూర్చుని తీర్పులు చెబుతున్నాను.

ఆరో రోజు, పేట్రోవ్

ఉదయం ఊరేగింపు. వాన పడింది. ఇస్త్రీ మడతలు నలగకూడదని ఆడవాళ్ళు లంగాల మీద ప్లాస్టిక్ కవర్లు కప్పుకుని పాడుతూనే నడిచారు. మనకి కొత్తేం కాదు, రిక్షాలో వెళ్తూ జడకుచ్చులు తడవకుండా కవరు కట్టుకున్న దాన్నే.

సాయంత్రం మావాడి స్నేహితుల బంధువులు పక్కనే ఉన్న పేట్రోవ్‌కి తీసుకెళ్ళారు. అక్కడ గట్టు కింద వరసగా వైన్ నేలమాళిగలు, తెల్ల గోడ, కింద నీలం పట్టీ. మేం దిగిన దాంట్లో పది పన్నెండు మంది, రెండు ఫిడేళ్ళు, ఒక పెద్ద బాస్. ఒక్కొక్కరూ పాట ఎత్తడం, మిగతావాళ్ళు అందుకోవడం. నాకు వైన్ వద్దంటే ద్రాక్షరసం ఇచ్చి మర్యాదగా ఊరుకున్నారు. పాట మాత్రం వదల్లేదు. "మీ అత్త డాన్స్ టీచరు కదా, మీ ఊరి పాట ఒకటి" అన్నారు.

ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. సత్యభామ ప్రవేశ దరువు, అంటే ఆవిడ వేదిక మీదికి వచ్చే పాట, ఎన్ని వందల సార్లు ఆడించి ఉంటానో. ఫిడేలు పట్టుకున్న కుర్రాడు చెయ్యి అడ్డం పెట్టి, ఫోన్ కాదు, నువ్వు అన్నట్టు సైగ చేశాడు.

పాడాను. మొదట గొంతు వణికింది, భైరవి రాగం భైరవిలా రాలేదు. రెండో ఆవర్తానికి ఆ కుర్రాడు తల పక్కకి వంచాడు, నిన్న ప్రిమాష్ వంచినట్టే. గమకం అతనికి అందలేదు గానీ ఆధార షడ్జం, అంటే నా "స", దొరికింది, కమాను నెమ్మదిగా లాగుతూ నా వెనకాలే వచ్చాడు. బాస్ వాయించేవాడు తాళం పట్టేశాడు. పల్లవి మూడుసార్లు తిప్పి, కూర్చున్న చోటే భుజం విరిచి జడ ముందుకు వేసుకున్నాను. మావాడు వీడియో తీయడం మర్చిపోయి చూస్తున్నాడు.

పల్లవి అయింది. వాళ్ళు వాయిస్తూ నా మొహంలోకి చూస్తున్నారు, తర్వాతి చరణం కోసం. నాకు గుర్తు రాలేదు. చేతులకి గుర్తుంది, కాలికి గుర్తుంది, ఎక్కడ ఎడమకి తిరగాలో కూడా తెలుసు. మాటలు రాలేదు.

"ఒరేయ్, ఫోన్‌లో చూడరా, చరణం ఏదో" అన్నాను తెలుగులో.

వాడు ఫోన్ పైకెత్తి, కిందికి దించి, మెట్ల దాకా వెళ్ళి వచ్చాడు. "నేలమాళిగ కదత్తా, సిగ్నల్ లేదు."

ఫిడేలు కుర్రాడు ఆపలేదు. అదే పల్లవి మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.